మామ వెనక సింహం

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాసంగ్రామ గాథ. వంశాల పరువులు కూలిపోతాయి, పట్టణాలు దద్దరిల్లుతాయి. సరే, అంత లేదు. ఒక ఫ్లెక్సీ, నాలుగు తాళ్లు, ఒక మామ. కాకపోతే మామ ప్రాణం మాత్రం నిజంగానే ఇందులో ఉంది, అందుకని కూర్చోండి.

మా మేనమామకు తాండూరు బజారులో కందిపప్పు వ్యాపారం. తాగేవాడు. ఇంకా తాగితే తన దగ్గరికి రావద్దని, వచ్చినా చేసేదేమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఒంటరిగా మానలేవు, మానినవాళ్ల మధ్య కూర్చో, వికారాబాద్‌లో మీటింగులవుతాయి అని కూడా చెప్పాడు. ఎక్కడవుతాయో మాత్రం చెప్పలేదు.

వెతికే పని నా మీద పడింది. వికారాబాద్‌లో ఒక పాన్‌డబ్బా అతన్ని అడిగాను.

"అన్నా, తాగుడు మానేటోళ్లు కూసునే జాగ యాడుంది?"

"తాగేటోళ్లు కూసునేది అడుగు, కండ్లు మూసుకొని చెప్త. మానేటోళ్లు నా తాన ఏం కొంటరని, నాకెట్ల ఎరుకైతది?"

చివరికి ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద దొరికింది. ఆదివారం పిల్లలు ఉండరు కాబట్టి ఆ గది వీళ్లది. మామ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"తాండూర్ల ఒక్కనికి తెల్వద్దు. తెలిసిందనుకో, మళ్ల గా మెట్లు ఎక్కను."

పెద్దపెద్ద మనుషులంతా మూడో తరగతి బెంచీల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చునేవాళ్లు. అక్కడ పెద్ద ఒక లారీ డ్రైవరు, అందరికీ డ్రైవరన్న. మామకు తోడుగా వెళ్లిన నాతో మొదటి రోజే అన్నాడు: "ఈడికి ఎవరొస్తున్నరో బయట చెప్పుకోం తమ్మీ. గదొక్కటే రూలు." నేను గంభీరంగా తలూపాను. నా తల ఊగడానికి, అందులో ఏదైనా ఎక్కడానికి సంబంధం ఉండదు.

మామ వారాల తరబడి నోరు విప్పలేదు. ఒక ఆదివారం లేచి, "నేను ఇయ్యాల తాగలే" అన్నాడు. అంతే. కూర్చుని ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. డ్రైవరన్న తన టీ గ్లాసు మామ వైపు జరిపాడు.

అలా తాగకుండానే నెల నిండింది. ఇక్కడ నా వృత్తి చెప్పాలి: ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. తాండూరులో ఒకడికి పదవి వచ్చినా, పళ్లు వచ్చినా నా కంప్యూటరు దాటి పోవాల్సిందే. మామ ఇంత పెద్ద పని చేస్తే ఫ్లెక్సీ లేకపోవడమా? షరతు గుర్తుంది. తాండూరులో తెలియొద్దన్నాడు, అందుకని వికారాబాద్‌లో కట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

స్టేషను నుంచి మీటింగుకు పోయే రోడ్డు మీద, కరెంటు స్తంభాల మధ్య, మామ. చెవి దగ్గర సెల్‌ఫోను. వెనక గర్జిస్తున్న సింహం. "తాగుడు మానిన మా మామకు హృదయపూర్వక శుభాకాంక్షలు." కింద గుండ్రటి గడుల్లో మీటింగు సభ్యులందరి ముఖాలు. టీ తాగుతుండగా చాటుగా తీసిన ఫొటోలోంచి కత్తిరించినవి. అట్టడుగున: "ఇట్లు, అజ్ఞాత మిత్రబృందం."

రైలు దిగి వచ్చిన మామ దాని కింద ఆగాడు.

"ఎవడ్రా గాడు?"

"నువ్వే మామా."

"నేనని కనవడ్తనే ఉంది. పెట్టినోడెవడని అడుగుతున్న."

"సింహం మంచిగ కుదిరింది మామా."

"సింహానికేంరా, దాని ఇజ్జత్ పోలే."

"తాండూర్ల తెల్వద్దన్నవని ఈడ కట్టిన."

"తాండూరోళ్లు పట్నం ఎటుకెల్లి పోతరురా? ఆకాశంల పోతరా?"

తాండూరు నుంచి హైదరాబాద్ పోయేవాళ్లంతా వికారాబాద్ మీదుగానే పోతారు. ఆ కోణం నేను ఆలోచించలేదు.

"అయిపోయింది. ఇగ నేను రాను" అని మామ స్టేషను వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కోపమైతే నాకు అలవాటే. ఆ దారిలో ఎన్ని వైన్‌షాపులున్నాయో నాకు తెలుసు, ఫ్లెక్సీకి జాగా వెతికినప్పుడే చూశాను.

అప్పుడే డ్రైవరన్న వచ్చాడు. తల ఎత్తి, గడుల్లో తన ముఖం వెతుక్కున్నాడు.

"నన్ను గింత చిన్నగ పెట్టినవేంది తమ్మీ? ఎక్కు, ముందు దించు."

నేను స్తంభమెక్కి తాళ్లు కోస్తుంటే, కింద ఒక ఆటో అతను ఫ్లెక్సీ చదివి మామ వెనకే నడిచాడు.

"అన్నా, గా ఫొటోల నువ్వేనా?"

"కాదు."

"నీ లెక్కనే ఉన్నడు."

"సగం జిల్లా నా లెక్కనే ఉంటది."

"నిజంగ మానినవా?"

మామ ఆగాడు. "ఇయ్యాల్టికి."

"మా తమ్మునికి జర చెప్పాలె అన్నా."

"తీస్కరా."

ఆటో అతను నేల చూశాడు. "నాకు తమ్ముడు లేడు. తాగేది నేనే."

మామ స్టేషను వైపు చూశాడు, అతని వైపు చూశాడు.

"మెట్లు చూపెట్టి పోత."

చూపించాడు. అతను ఒక్కడే ఎక్కడానికి వెనకాడితే తోడుగా ఎక్కాడు. మళ్లీ దిగలేదు.

నేనూ ఎక్కబోతే డ్రైవరన్న అడ్డం నిలబడ్డాడు. "ఫోను ఇటియ్యి. నువ్వు ఈడనే కూసో." ఫ్లెక్సీ మడిచి మెట్టు మీద వేసుకుని, సింహం మీదే కూర్చున్నాను. కాసేపటికి పైనుంచి మామ గొంతు: "నాకొక అల్లుడున్నడు, సూడుండ్రి..." తర్వాత అందరి నవ్వు. అందులో ఒక కొత్త నవ్వు, ఇంకా సిగ్గుపడుతూ.

ఆ మెట్ల మీదే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరి మంచితనాన్నీ రోడ్డుకు అడ్డంగా కట్టను. అడగకుండా ఎవరి వెనకా సింహాన్ని నిలబెట్టను. చూశారుగా, ఇంతసేపట్లో మీకు ఒక్కరి పేరూ చెప్పలేదు.

మీటింగు ప్రతి ఆదివారం సాయంత్రం జరుగుతోంది. ఇప్పుడు మెట్ల కింద బండి పెట్టుకోవడానికి జాగా దొరకడం లేదు.