ఆళ్లగడ్డలో ఫ్రాన్సు బల్లి

ఫ్రాన్సు పల్లెల్లోని పాత కోటలు చూడాలని ఉందని నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు. వాటి రాతి చెక్కడాలను పుస్తకాల్లో చూసి మురిసిపోతుంటాను, అంతే. అలాంటి బొమ్మ ఒకటి మొన్న ఆళ్లగడ్డలో కనిపించింది.

కాకినాడ నుంచి అహోబిలం వెళ్తూ అక్కడ బస్సు కోసం ఆగాను. రోడ్డు పక్క శిల్పశాలలో, వినాయకుడి విగ్రహాల మధ్య, కిరీటం పెట్టుకున్న రాతి బల్లి! దాన్ని చెక్కినాయన పక్కనే దిగులుగా కూర్చున్నాడు.

"నంద్యాలలో పెండ్లిమండపం కడతాండారమ్మా. ఫ్రాన్సు కోట ఫోటో ఇచ్చి అట్లే చెక్కమనిరి. ఇప్పుడేమో పెండ్లి జరిగే చోట వాకిట్లో బల్లేందప్పా, వద్దంటాండాడు ఓనరు. ఇంత పనీ మట్టిపాలాయె."

"అది బల్లి కాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బల్లిలాంటి ఇంకో జీవి, అక్కడ ఒకప్పటి రాజుగారి గుర్తు. నిప్పుల్లో ఉన్నా కాలదని వాళ్ల నమ్మకం. చుట్టూ ఉన్నవి మంటలు."

"మంటలా? నేను ఆకులనుకుంటి!" అని నవ్వేసి, ఓనరుకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. అయినా మొత్తం చెప్పాను.

అంతా విని ఓనరు అన్నాడు:

"నిప్పుకు కాలదంటివి గదమ్మా? అయితే పంపించమను. వంటశాల వాకిలి మీద పెట్టిస్తా."