ముప్పై మూడో పన్ను

ఆ రోజుల సంగతి అప్పుడే ఎందుకు రాయలేదని అడగకండి. అప్పుడు నాకు వేలిముద్ర వేయడం తప్ప ఏమీ రాదు. యాభై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. తీరా రాద్దామని కూర్చుంటే ముందుగా పన్ను గుర్తొచ్చింది (గొప్ప సంగతులే గుర్తు రావాలని ఎక్కడుంది?).

భద్రాచలం అవతల అడవి అంచు ఊరికి కోడలిగా వెళ్లిన కొత్తలో, సరిగ్గా బీడీల తునికాకు కోసే ఎండల్లో, నా దవడ బూరెలా పొంగింది. మా అత్త ఖమ్మంలో పళ్ల దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు సాబు టార్చి వేసి చూసి, "జ్ఞానదంతం ఎనక ఇంకోటి మొలిచిందమ్మా. ముప్పై మూడోది. పీకేద్దాం" అన్నాడు. ముప్పై రెండు పళ్లూ ఉన్నవాళ్లు అన్న మాట జరిగి తీరుతుందని మా వైపు నమ్మకం. అత్త నన్ను కుర్చీలోంచి లేపేసింది. "ముప్పై రెండుకే గట్లయితే, దీని మాటకు ఎదురేంది సారూ! కల్లంల మా ఆకు ఎండేదాక ఉండనియ్యి. వాన రావద్దని దీనితోని అనిపిస్త."

అంతకుముందు అత్త నాతో ఎక్కువగా అన్న మాట "నోర్ముయ్". ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా నా మంచం చుట్టూ చేరారు. "మా బర్రె పెయ్యనే ఈంతదను బిడ్డా!" "మా ఆయన తాగుడు బంద్ జేస్తడను పిల్లా!" (ఆ తాగుడు ముప్పై మూడు పళ్లకు కూడా లొంగలేదు.) నా మాట కోసం అంతమంది కాచుకున్న ఆ రోజుల్లోనే నా నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకునేది కాదు.

ఒక మధ్యాహ్నం కల్లంలో ఆకు కట్టలు ఆరబెట్టి ఉండగా నల్లగా మబ్బు పట్టింది. "వాన రాదను! జల్దీ అను!" అని అత్త నా భుజాలు పట్టి ఊపింది. ఆ ఊపుకు నొప్పెక్కి "ఆఁ..." అని అరిచాను. "రాదన్నది! అందరిన్నరా?" అంది అత్త. గాలి తిరిగి, వాన పక్క ఊరి కల్లంలో కురిసింది. పొద్దుగూకే సరికి ఆ ఊరి ఆడవాళ్లు దిగారు. "మీ కోడలి నోరు కట్టేసుకోండ్రి! మా ఆకంత ఆగం జేసింది!" వాళ్లు తిడుతుంటే అత్త మొహం వెలిగిపోయింది. "గీ పన్ను సచ్చేదాక పీకియ్య" అంది.

ఎవరు చచ్చేదాకానో నాకు అనుమానం వచ్చింది. దవడ రెండు చేతులా పట్టుకుని, బిగుసుకున్న పళ్ల సందులోంచి ఒక్కో మాటా బయటికి తోశాను. "అత్తా, రేపు ఇది పీకియ్యకుంటే నీ పళ్లన్నీ రాలిపోతయ్."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెల్లారి మొదటి బస్సులో నాకన్నా ముందే ఎక్కి కూర్చుంది.

పన్ను పోయింది. తిరుగు బస్సులో దూది కరుచుకుని కూర్చున్న నాకు, నొప్పి తగ్గిన సంతోషం కంటే, రేపటి నుంచి మళ్లీ "నోర్ముయ్" కదా అన్న దిగులే ఎక్కువైంది. (పోయింది పన్నయితే మాట పోయిందని బెంగపడ్డ ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.)

మర్నాడు చీకటితోనే అత్త లేపింది. "లే, ఆకుకు పోవాలె."

"నేను రాను అత్తా."

ఆమె నా దవడ వంక చూసింది. "నోర్ము..." అనబోయి, ముప్పై రెండు ఇంకా ఉన్నాయని గుర్తొచ్చినట్టు ఆగింది. "అవ్, పండుకో" అని ఒక్కతే వెళ్లిపోయింది. నేను గోడవైపు తిరిగి, ఎండ మంచం ఎక్కేదాకా నిద్రపోయాను.