ఖాజామియా గుసగుస

ఇరవై ఏళ్లు సూరత్ మగ్గాల మోతలో అరిచి అరిచి, ఖాజామియాకు గుసగుస కూడా కేకలాగే వస్తుంది. ఆ సంగతి అతనికొక్కడికే తెలియదు. లాక్‌డౌన్ సడలినా మగ్గాలింకా కదలని ఓ మధ్యాహ్నం, అక్కడి తెలుగువాళ్ల గల్లీలో, తన గడపలో గోడవైపు తిరిగి, మాస్కు దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సొంతూళ్లోని మౌల్వీకి ఫోన్ చేశాడు. చెవులు మందం కనుక స్పీకర్ పెట్టాడు.

"జర రహస్యం, మౌల్వీ సాబ్. పన్నెండేండ్లాయె, పిల్లల్లేరు. టెస్ట్‌ట్యూబ్ బేబీ అంటున్నరు డాక్టర్లు. మీరు హరామంటే ఇడిసిపెడ్తం."

"నిఖా అయిన మీ ఇద్దరిదే అయితే తప్పులేదు. మూడో మనిషి బీజం మాత్రం కలవొద్దు."

ఖాజామియా కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి, గల్లీలో ప్రతి గడపలో ఒక తల. ఎదురింటి వెంకటవ్వ, "ఇగ దవాఖానకెప్పుడు బిడ్డా?" అంది. అతను గబుక్కున మాస్కు పైకి లాక్కున్నాడు. గల్లీలో ఏనాడూ గొంతు వినిపించని అతని భార్య షహనాజ్, పరదా వెనక నుంచి గట్టిగా చెప్పింది: "రేపే, అవ్వా!"