బోర్డు లేని దుకాణం

బోధన్‌లో చెరకు లారీలకు పేర్లు రాసే ఉస్తాద్, ప్రతి అక్షరానికీ ముందు కుంచె మొనను ఎడమ బొటనవేలి గోటి మీద గీసి చూసుకునేవాడు. ఊరందరికీ బోర్డులు రాసినా తన దుకాణానికి మాత్రం రాసుకోలేదు. నా చేత అక్షరాలు దిద్దించింది ఆయనే.

ప్రకటనల కంపెనీల్లో ఉద్యోగాలొస్తాయని, యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్లాను. నేను రాసి చూపించిన అక్షరాలు చూసి, ఇవి ఎవరు నేర్పారని అడిగారు. లారీల పెయింటరని చెప్పడానికి నామోషీ అనిపించి, సొంతంగా నేర్చుకున్నానన్నాను. సీటు వచ్చింది.

"ఎవరు నేర్పిండ్రని అడగలేదా బేటా?" అన్నాడు ఉస్తాద్.

"అడిగిండ్రు. మీ పేరే చెప్పిన."

ఆయన కుంచెను గోటి మీద గీస్తూనే ఉండిపోయాడు.

మర్నాడు వెళ్లేసరికి నిచ్చెనెక్కి, దుకాణం మీద తన పేరు రాసుకుంటున్నాడు.

"కాలేజోల్లు ఎన్నడన్న ఎతుక్కుంట వస్తే దొరకాలె గద. నిచ్చెన జర గట్టిగ పట్టుకో బేటా."

పట్టుకున్నాను.