సెన్సర్ మోగని చోటు

కారు బంపరుకు రంధ్రం వేసేటప్పుడు ప్లాస్టిక్ కాలిన వాసన ఒకటి వస్తుంది. మరీ ఘాటుగా ఉండదు. కొంచెం తియ్యగా, గొంతులో పట్టుకున్నట్టు ఉంటుంది. ఈ ఉదయం ఒక తెల్ల కారుకు పార్కింగ్ సెన్సర్లు బిగించడానికి నేనే డ్రిల్లు పట్టుకున్నాను. నాలుగు రంధ్రాలు వేయాలి. మొదటిది పూర్తయ్యేసరికే ఆ వాసన దుకాణమంతా కమ్ముకుంది. దానియేలన్న గుర్తొచ్చాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. మార్కాపురంలో కార్లున్నవాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆయనది బేస్తవారిపేట దగ్గర ఒక పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. ట్రాక్టర్లకు లైట్లూ బ్యాటరీలూ బాగుచేస్తూ వైరింగు నేర్చుకుని, నలభై ఏళ్ళ వయసులో మార్కాపురం వచ్చి కార్ల సామాన్ల దుకాణం పెట్టాడు. సీటు కవర్లు, హారన్లు, స్టీరియోలతో మొదలుపెట్టి, వెనక కెమెరాలూ సెన్సర్లూ అడిగేవాళ్ళు పెరిగాక అవి ఎక్కువ చేసేవాడు. చేతిపని తెలిసిన మనిషే గానీ మాటకారి కాదు. కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడే మనిషి కావాలని ఎవరితోనో అంటే ఆ కబురు నా దాకా వచ్చింది. నాకప్పుడు ముప్పై ఒకటి. మాది మెయిన్ బజారులో బట్టల దుకాణం. అది మూతపడి ఏడాదయింది. నాకు పని కావాలి.

మా నాయనకు ఇది ససేమిరా ఇష్టం లేదు. "మూడు తరాలుగా మన దుకాణంలో మనం కూర్చున్నోళ్ళం. ఇంకొకరి కౌంటర్లో కూర్చుంటావా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "పోతే పోయినావులే గానీ, ఒకటి గుర్తు పెట్టుకో. వంద మాటలు చెప్పి అమ్మాల. ఒక్క మాట దాచి అమ్మాల" అన్నాడు. చిన్నప్పటి నుంచీ నేను చూసిన వ్యాపారం అదే. చీర రంగు గురించి వంద మాటలు, అది రెండో ఉతుకుకు ఏమవుతుందో మాత్రం మౌనం. నాకది మోసమనిపించేది కాదు. నేర్పు అనిపించేది.

చేరిన మొదటి వారంలో దానియేలన్న నన్ను కౌంటర్ మీద కూర్చోనివ్వలేదు. దుకాణం ముందు ఆయన పాత వ్యాను ఆపి, వెనక సెన్సర్లు బిగించి, నా చేతికి ఒక చీపురు కర్ర, ఒక బిందె, దూది కుక్కిన గోనెసంచి ఇచ్చాడు. "ఒక్కోటి ఎనకాల పెట్టుకుంటా రామ్మా. ఎప్పుడు మోగుతాదో చూడు" అన్నాడు. బిందె దూరం నుంచే మోగించింది. చీపురు కర్ర బంపరుకు తగిలేంత దగ్గరకు వచ్చినా మోగలేదు. గోనెసంచికి చాలా ఆలస్యంగా మోగింది. దాన్ని నేలమీద పడుకోబెడితే అసలు మోగలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. ఆయన పట్టించుకోలేదు. "ఇది శబ్దం పంపిస్తాది. అది పోయి తగిలి తిరిగి రావాల. మెత్తటిది శబ్దాన్ని మింగేస్తాది. సన్నటిది తప్పించుకుంటాది. మరీ కిందుండేది దీనికి ఆనదు. కొనేవాళ్ళకు ముందు ఈ మూడూ చెప్పు. తర్వాతే మిగతావి చెప్పు."

కెమెరాల గురించీ అలాగే చెప్పాడు. దాని అద్దం వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గరున్నది దూరంగా కనిపిస్తుంది. తెర మీద వచ్చే రంగు గీతలు చవక రకంలో స్టీరింగుతో పాటు తిరగవు, వాటిని నమ్మి మలుపు తిప్పితే గోడకు తగులుతుంది. మన రోడ్ల దుమ్ముకు రెండు రోజుల్లో కెమెరా కన్ను మూసుకుపోతుంది, గుడ్డతో తుడుచుకోమని చెప్పాలి. నేను అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నవన్నీ మొదట్లో చెప్పాను కూడా. కానీ లోపాలు చెబుతుంటే కొనేవాడి ముఖం మారేది. "ఆలోచించుకుని వస్తాలే అక్కా" అని వెళ్ళేవాళ్ళు. మెల్లమెల్లగా నా నోరు నాయన దారిలో పడింది.

తిరుపతయ్య అనే రైతు వచ్చింది అలాంటి రోజుల్లోనే. బేస్తవారిపేట వైపు పల్లె. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, వెనక్కి తీయడమంటే భయం. "కెమెరా పెట్టుకోమంటావా అక్కా, సెన్సర్లా?" అని అడిగాడు. కెమెరా అంటే తెర బిగించాలి, డిక్కీ లోంచి వైరు లాగాలి, సగం రోజు పని. దుకాణంలో ఇంకా ఇద్దరు ఎదురుచూస్తున్నారు. "సెన్సర్లు చాలన్నా. ఏదన్నా అడ్డమొస్తే అదే మోగుతుంది. ఇక నువ్వు వెనక్కి తిరిగి చూసే పనే లేదు" అన్నాను. ఆ మాట ఎంత బాగా కుదిరిందో అనుకోవడం కూడా నాకు గుర్తుంది. దానియేలన్న బిగించడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చెప్పాల్సింది చెప్పినావా?" అని అడిగాడు.

"చెప్పినానన్నా" అన్నాను.

మూడు నెలల తర్వాత తిరుపతయ్య మళ్ళీ వచ్చాడు. నడిచి వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. అరవలేదు. "మీ మిషన్ మోగలేదన్నా" అన్నాడు దానియేలన్నతో. వాళ్ళమ్మ నాగమ్మ, ఒకరోజు మధ్యాహ్నం కారు నీడన నేలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తిరుపతయ్య ఆ సంగతి తెలియక కారెక్కి వెనక్కి తీశాడు. సెన్సర్ మోగలేదు కాబట్టి చూడలేదు. ఆమె కేక విని ఆపేసరికి తొడ ఎముక విరిగింది. ఒంగోలులో ఆపరేషను చేసి, ముందురోజే ఇంటికి తెచ్చారట. దానియేలన్న పనిముట్ల సంచి తీసుకుని నా వైపు తిరిగి "నువ్వూ రామ్మా" అన్నాడు.

తిరుపతయ్య ఇంటి దగ్గర ఆయన వైర్లు విప్పి చూడలేదు. నాగమ్మ ఎక్కడ కూర్చుందో అడిగి, సరిగ్గా అక్కడే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంజను ఆపే ఉంచి, తాళం తిప్పి రివర్సు గేరు మాత్రం వేయమన్నాడు. నిటారుగా కూర్చుంటే మోగింది. తొడిమలు తీసేవాళ్ళలా ముందుకు వంగాడు. ఆగిపోయింది. మళ్ళీ లేచాడు, మోగింది. మళ్ళీ వంగాడు. నిశ్శబ్దం. చుట్టూ చేరిన నలుగురూ చూస్తూ ఉండిపోయారు. లేచి, పంచె దులుపుకుని, "మిషన్ చెడిపోలేదు తమ్ముడూ. దానికి ఇంతకన్నా కనపడదు. ఆ సంగతి నీకు మేము ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"ఎనక్కి తిరిగి చూసే పనే లేదని ఆయమ్మ చెప్పింది గదన్నా" అన్నాడు తిరుపతయ్య, నన్ను చూపించి.

దానియేలన్న నా వైపు చూడలేదు. "మా దుకాణంలో చెప్పినారు గదా. అట్లయితే ఆ మాట నేను చెప్పినట్టే. తప్పు నాది" అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే నేను ఏడ్చి, తేలికపడి ఉండేదాన్ని. ఆయన అలా అనేసరికి నాకు నిలబడటానికి చోటు లేకపోయింది. లోపలికి వెళ్ళాను. నాగమ్మ మంచం మీద పడుకుని ఉంది. దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. మోగదని నాకు తెలుసనీ, తెలిసీ చెప్పలేదనీ, అడిగితే చెప్పానని అబద్ధమాడాననీ. ఆమె దూలాల వైపు చూస్తూ అంతా విన్నది. తర్వాత మెల్లగా అన్నది: "నీది తప్పే పాపా. చూడకుండా తీసినోడిదీ తప్పే. కారు ఎనకాల కూసున్న నాదీ తప్పే. ముగ్గురం పంచుకోవచ్చు. నొప్పి మాత్రం నేనొక్కదాన్నే పడాల." కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నది.

తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక నేనే అన్నాను, రేపటి నుంచి రానులే అన్నా అని. ఆయన వ్యాను వేగం తగ్గించాడు. "నువ్వు అబద్ధం చెప్పినందుకు నాకు బాధే. అది లేదని అనను. కానీ కారు నడపడం రాని మనిషిని కూర్చోబెట్టి కారు సామాను అమ్మించినా. ఎనక్కి తీసేటప్పుడు కడుపులో ఎట్లుంటాదో నీకు తెలవదు. తెలిస్తే ఆ మాట అనేదానివి కాదు." మళ్ళీ వేగం పెంచి, "ఆదివారం చర్చి అయినాక కాలేజీ గ్రౌండుకు రా. నేర్పిస్తా" అన్నాడు.

అలా నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ముందుకు నడపడం రెండు ఆదివారాల్లో వచ్చింది. వెనక్కి తీయడానికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు కెమెరా మీద టేపు అంటించి అద్దాలతోనే తీయించాడు. ఒకరోజు అద్దాలు మూయించి తెర మాత్రమే చూస్తూ తీయించాడు. ఆ రోజు నేను పెట్టిన ఖాళీ డబ్బా మీదికి నేనే ఎక్కించాను. తెరలో అది ఇంకా బారెడు దూరంలో ఉంది. "అద్దం, మెడ, తెర. ఈ వరసే. తెరను మొదట చూసినావంటే మెడ తిరగడం మరిచిపోతాది" అన్నాడు. ఇప్పటికీ కారు రివర్సులో పెడితే ఆ మూడు మాటలూ లోపల వినిపిస్తాయి.

తిరుపతయ్య కారుకు ఆయనే వెళ్ళి కెమెరా బిగించి వచ్చాడు. నాగమ్మ వాకరు పట్టుకుని నడవగలిగాక మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. కారు వెనక నేలమీద కుర్చీ వేసి, అందులో ఆమెను కూర్చోబెట్టి, తెరలో ఎక్కడిదాకా కనిపిస్తుందో కొడుక్కి చూపించాడు. ఆమె తనూ చూస్తానంది. నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆమె డ్రైవరు సీటు వైపు నుంచి తెరలోకి తొంగి చూసి, "ఏందిది, ఈ పిల్ల ముక్కు ఇంతుండాది!" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు. కాలు మాత్రం మునుపటిలా కాలేదు. ఆ తర్వాత ఆమె కుంటుతూనే నడిచింది.

ఆ సంఘటన తర్వాత దుకాణంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. సెన్సర్లనో కెమెరానో బిగించాక, అది చూడలేని చోటంతా కారు వెనక నేలమీద సుద్దతో గీసి, కొన్నవాణ్ణి దింపి, ఆ గీత లోపల కూర్చోమనేవాడు దానియేలన్న. తర్వాతే తాళం చెవి ఇచ్చేవాడు. చాలామంది విసుక్కునేవాళ్ళు. పామూరు నుంచి వచ్చిన ఒక పెద్ద వ్యాపారి ఇస్త్రీ బట్టలతో ఉన్నాడు, కూర్చోనన్నాడు. "నీ సరుకు మంచిది కాదని నువ్వే చెప్పుకుంటే ఎవరు కొంటారయ్యా?" అన్నాడు. "సరుకు మంచిదే సార్. దేవుడు కాదు" అన్నాడు దానియేలన్న. ఆ వ్యాపారి బిగించిన కెమెరా విప్పించేసి, కొనకుండానే వెళ్ళాడు. ఇలా పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను కౌంటర్ వెనక నుంచి చూస్తూ, మా నాయన ఇది చూస్తే ఏమంటాడోనని అనుకునేదాన్ని. ఒకసారి ఇంట్లో చెప్పాను. "అట్ల కూడా దుకాణం నడుస్తాందా?" అని మాత్రం అడిగాడు నాయన. నడుస్తోందన్నాను. ఆశ్చర్యమో, ఇంకేమో, ఆయన ముఖంలో నాకు తెలియలేదు.

ఆరేళ్ళ తర్వాత ఒక వేసవిలో దానియేలన్న స్క్రూల డబ్బాను రెండుసార్లు మోచెయ్యి తగిలించి పడేశాడు. రెండుసార్లూ ఎడమ పక్కనే. కంటి డాక్టరు నీటికాసులని చెప్పాడు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తోందట. మందుతో ఆగుతుంది గానీ పోయింది తిరిగి రాదట. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు దుకాణంలో ఒక కారు బయటికి తీయాలి. యజమాని తాళం చెవి ఆయన చేతికిచ్చాడు. "ఎడమ పక్క నాకు ఆనడం లేదు తమ్ముడూ. ఈయమ్మ తీస్తాది" అని చెవి నా చేతిలో పెట్టాడు. చుట్టూ ఆయన్ను ముప్పై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళున్నారు. దాచుకుని ఇంకో ఏడాది నడిపేవాళ్ళు ఎందరో ఉంటారు. ఆయన గొంతు కొంచెం కూడా మారలేదు. కానీ ఆ సాయంత్రం నేను వ్యానులో ఇంటి దగ్గర దింపుతుంటే, పక్క సీట్లో కూర్చున్న ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. బండి ఆపాక, "బాగా నడుపుతావు" అన్నాడు. ఏడేళ్ళలో నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

తర్వాతి ఏడాది గుండెపోటుతో పోయాడు. వాళ్ళ పల్లెలో చర్చి వెనక సమాధి చేశారు. దుకాణం ఆయన కూతురిదే, నడిపేది మాత్రం నేను. కెమెరాలు ఇప్పుడు చాలా మారాయి. నాలుగు పక్కలా చూపించేవి, రంగులు వేసి హెచ్చరించేవి వచ్చాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ఏది మంచిదని అడిగితే, మీ ఇంటి ముందు నేలమీద కూర్చునేవాళ్ళెవరని ముందు అడుగుతాను. దాన్నిబట్టే ఏది కావాలో తేలుతుంది.

ఇక నా సంగతి. నా కారుకు మంచి కెమెరా ఉంది, నాలుగు సెన్సర్లూ ఉన్నాయి. అయినా మనసులో ఏ కొంచెం అనుమానం వచ్చినా బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూసి వస్తాను. వెనక కార్లవాళ్ళు హారన్ కొడతారు. మా వాళ్ళు నవ్వుతారు. అక్కడ ఎప్పుడూ ఎవరూ ఉండరు. ఎవరూ లేరని నా కళ్ళతో చూసి, తిరిగి వచ్చి కూర్చుని, అప్పుడు రివర్సు గేరు వేస్తాను.