ఆదొండ కంచె

డిగ్రీలో జువాలజీ వెలగబెడుతున్న ఆ రోజుల్లో, పుస్తకంలో ఉన్న మాట చెబితే ఎవరైనా వింటారని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ 'ఎవరైనా'లో మా మావయ్య కూడా ఉంటాడనుకోవడమే నేను చేసిన పొరపాటు.

దసరా సెలవులకి కొండవీటి కొండల కింద ఉన్న అమ్మమ్మగారి ఊరు వెళ్లేదాన్ని. మావయ్యకి అక్కడ పత్తి, దాని పక్కనే మిరప. పత్తి చేనుకీ బండ్ల బాటకీ మధ్య తాతలనాటి ఆదొండ కంచె ఒకటి, మేకపిల్ల కూడా దూరలేనంత దట్టంగా, ఒళ్లంతా ముళ్లతో ఉండేది. వానలు పడ్డాక కొండ మీది నుంచి తెల్లటి సీతాకోకచిలుకలు గుంపులుగా దిగి దాని మీద వాలేవి. రెక్కల అంచున కాటుక గీసినట్టు నల్లచారలు. ఆదొండ ఆకు మీద గుడ్లు పెడతాయి, పిల్ల పురుగులు ఆ ఆకే తిని పెరుగుతాయి. అన్నం కూడా మర్చిపోయి అక్కడే కూర్చునేదాన్ని (కాలేజీలో ఇంత శ్రద్ధ ఉంటే మార్కులు ఇంకోలా ఉండేవి). మావయ్యకి మాత్రం అవి చేను పక్కన గుడ్లు పెడుతున్న శత్రువులు. ముందటేడు గులాబీరంగు పురుగు కాయల్లో దూరి పత్తంతా తినేసింది. అప్పటి నుంచీ రెక్కలున్నది ఏది కనపడినా ఆయనకి ముద్ద దిగేది కాదు. ఆ దసరాకి కంచె మొత్తం పొక్లెయిన్‌తో పీకించేస్తానన్నాడు. అవి పత్తి ముట్టవని చెప్పాను.

"నీతో చెప్పినయ్యా ఏంది?" అన్నాడు.

సరే, రుజువు చేద్దామని ఖాళీ పచ్చడి సీసాలో పత్తి ఆకు వేసి, కంచె మీది పురుగుల్ని కొన్నిటిని వదిలాను. మర్నాటికి ఆకు ఆకులాగే ఉంది, పురుగులు చచ్చిపడి ఉన్నాయి. పాపం అనిపించినా, నెగ్గానన్న హుషారులో సీసా పట్టుకెళ్లి చూపించాను. ఆ ఆకు ఎక్కడిదన్నాడు. మన చేలోదేనన్నాను. "మొన్ననేగా మందు కొట్టింది. చావకేం చేస్తయ్యే?" అన్నాడు.

ఇక మందు కొట్టని పత్తి ఆకు కోసం ఊరంతా తిరిగాను. అడిగిన ప్రతి ఇంటా అవమానంగా తీసుకున్నారు. మా చేను అంత గాలికి వదిలేశామనుకున్నావా అని ఒకాయన కసిరాడు. వరసకి పిన్ని అయ్యే ఒకావిడ, పక్కింటివాళ్ల కంటే తాము ఎక్కువే కొట్టామని గొప్పగా చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపింది. ఆఖరికి మా పెరట్లోనే దొరికింది. దీపం వత్తుల కోసం అమ్మమ్మ పెంచుకునే పత్తి చెట్టు. దేవుడి చెట్టు ఆకులు పురుగులకా అని ఆవిడ ముందు మండిపడింది. కార్తీకానికి కావలసిన వత్తులన్నీ చేసిపెడతానని ఒప్పుకున్నాక గుప్పెడు ఆకులు గిల్లనిచ్చింది.

ఒక సీసాలో ఆ ఆకు, ఇంకో సీసాలో ఆదొండ ఆకు. మావయ్య అన్నం తినే చోట కిటికీలో పెట్టాను. ఆయన పట్టనట్టే ఉండి, పొద్దున్నే పళ్లు తోముకుంటూ సీసాల మీదికి వంగి చూసేవాడు. ఆదొండ సీసాలో ఈనెలే మిగిలాయి. పత్తి సీసాలో పురుగులు అద్దం వెంట తిరుగుతున్నాయే గానీ ఒక్క కొరుకు లేదు. ఒక పొద్దున ఆయనే పిలిచాడు.

"నిజమేనే. తినట్లేదు."

ఆకలితో ఉన్నవాటిని గబగబా ఆదొండ సీసాలోకి మార్చి కొత్త ఆకు వేశాను. మావయ్య, మర్నాడు రమ్మని చెప్పి ఉంచిన పొక్లెయిన్ అతనికి రావద్దని చెప్పడానికి ఫోను చేశాడు. అవతల ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. ఆ మోత ఫోనులోనే కాదు, చేను వైపు నుంచి కూడా వస్తోంది. బండి మీద హడావిడిగా వెళ్లేసరికి కంచె కుప్పయి పడి ఉంది. రేపు రమ్మన్నారు గానీ ఇవాళే ఖాళీ దొరికింది, వేళ్లతో సహా లాగేశానండీ అన్నాడతను సంతోషంగా. తెల్లరెక్కలు ఆ వాడిన ఆకుల మీద వాలడం, లేవడం, మళ్లీ వాలడం. నాకు ఏడుపు ఆగలేదు. మావయ్య తిట్టడానికి మనిషి దొరకనట్టు అటూ ఇటూ చూసి, అతనికి కూలి ఇచ్చి పంపేశాడు.

సీసాలో పురుగులు గూళ్లు కట్టాయి. వాటిలో ఒకటి రెక్కలతో బయటికొచ్చింది. కొండ మీద ఆదొండ ఉంటుందని మావయ్యే నన్ను బండెక్కించుకుని కొండ అంచుదాకా తీసుకెళ్లాడు. మూత తీశాను. అది ఒక చుట్టు తిరిగి, కొండని వదిలేసి, మేం వచ్చిన దారినే ఎగిరిపోయింది.

"మనూరికే పోతుందే," అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి.

ఇప్పుడు గుంటూరులో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో, తొట్టిలో ఒక ఆదొండ తీగ ఉంది. ముళ్లు గుచ్చుకుంటున్నాయని పక్క ఫ్లాటావిడ గొణుగుతుంది, మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు. వాన పడిన ప్రతిసారీ మావయ్య ఫోను చేసి ఆకులు ఏమన్నా కొరికినయ్యా అని అడుగుతాడు. ఒకప్పుడు ఆకుకి చిల్లు పడితే నిద్రపోని మనిషి. ఇంకా లేదు మావయ్యా అంటాను. సరే చూస్తా ఉండు అంటాడు. జువాలజీ మర్చిపోయి చాలా కాలమైనా, ఫోను పెట్టేసి బాల్కనీలోకి వెళ్లి, ఒక్కో ఆకూ తిప్పి చూస్తాను.