నలభై రెండు కుండీలూ ఒక సీసా

కుండీల బాబాయ్ ఏ లెక్క చెప్పినా దాన్ని నాలుగుతో భాగించాలి. ఈ సూత్రం కనిపెట్టింది ఆయన భార్య. "మా నర్సరీలో రెండువేల కుండీలున్నాయి" అన్న మాట నమ్మి కాపురానికొచ్చిన ఆవిడ, వచ్చిన మర్నాడే కొంగు నడుముకు చుట్టి లెక్కపెట్టింది. సరిగ్గా ఐదువందలు తేలాయి. ఇరవై రెండేళ్లయింది, సూత్రం ఇంతవరకు తప్పలేదు.

ఆయన పని ఆఫీసులకు మొక్కలు అద్దెకివ్వడం. పొద్దున్నే మూడు చక్రాల బండిలో నిగనిగలాడే మొక్కల్ని తీసుకెళ్తాడు. ఏసీ గాలికీ ట్యూబులైటు వెలుతురుకూ సొమ్మసిల్లిన వాటిని వెనక్కి తెచ్చి భార్యకు అప్పగిస్తాడు. ఆవిడ వాటిని కాసేపు ఎండకీ కాసేపు నీడకీ మార్చి, మళ్లీ ప్రాణం పోస్తుంది.

"మీరు తెచ్చేది మొక్కల్ని కాదండీ, పేషెంట్లని" అంటుంది.

"మరి నువ్వు పెద్ద డాక్టరువి కదే!" అంటాడాయన. ఆయన నోటి నుంచి వచ్చే మాటల్లో భాగించక్కర్లేనిది ఇదొక్కటే.

ఆయన చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది. ఎవరైనా అడిగితే, "నేను బడి మానలేదు. నా వేగం అందుకోలేక బడే వెనకపడిపోయింది" అని మీసం దువ్వుకుంటాడు.

ఊళ్లో ఆయన మొక్కలున్న భవనాలు చాలా ఉన్నా, ఓ పదంతస్తుల భవనంలోని నాలుగో అంతస్తంటే ఆయనకు పుట్టినింటి కిందే లెక్క. పదహారేళ్ల కిందట మొట్టమొదటి కుండీ దించింది అక్కడే. బీమా దరఖాస్తుల్లో తప్పులు వెతికే ఆఫీసది. కిటికీల వైపు పన్నెండు మంది, గోడ వైపు పన్నెండు మంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల వంచుకుని కాగితాలు చూస్తుంటారు. ఆ ఇరవై నాలుగు మందికీ బాబాయ్ మొక్కతోపాటు ఒక కథ కూడా అంటగట్టాడు. ఫెర్ను దగ్గర కూర్చుంటే పుట్టిన తేదీల్లో తప్పులు వాటంతటవే పైకి తేలతాయట. రబ్బరు మొక్క పక్కనున్న గుమాస్తా ఒకడికి తెలివి ఎంత పెరిగిందంటే, టోపీ సైజు రెండుసార్లు మార్చాల్సి వచ్చిందట.

"బాబాయ్, నా తెలివి పెరగలేదేంటి?" అని ఎవరో అడిగితే, "నీకిచ్చింది చిన్న కుండీ కదమ్మా! తెలివి వేళ్లలోనే ఉండిపోయింది" అనేవాడు.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో కొత్త మేనేజరు వచ్చింది. నేలమీద రాలిన ఆకులు చూసింది, కుండీ కింద చీమలు చూసింది. బాబాయ్‌ని పిలిచింది.

"ప్లాస్టిక్ మొక్కలు పెట్టేద్దామనుకుంటున్నాను. నీళ్లక్కర్లేదు, చీమలు రావు."

ఆయన నోటికి తాళం ఎప్పుడుంది గనుక! "మేడమ్, నా మొక్కలు తీసేస్తే ఈ అంతస్తులో ఒక్కరికీ రెండు రెళ్లు నాలుగని కూడా తట్టదు!"

మేనేజరు నవ్వలేదు. "అయితే తేల్చేద్దాం. కిటికీల వైపు మీ మొక్కలు, గోడ వైపు ప్లాస్టిక్‌వి. మూడు వారాలు. ఏ వైపు వాళ్ల కళ్లు ఎక్కువ తప్పులు దాటేస్తాయో ఇదిగో, ఈ బోర్డు మీద రాస్తాను. మీ వైపు ఓడితే కుండీలన్నీ దించేస్తాం."

గొప్పలకు పోయి గోతిలో పడ్డం అంటే ఇదే. నాలుగో అంతస్తు పోతే మిగతా అంతస్తులూ గొర్రెల మందలా అదే దారి పడతాయి. ఇంటికెళ్లి చెప్తే భార్య నెత్తి కొట్టుకుంది. "మొక్కని మొక్కలా ఉండనివ్వకుండా లెక్కల మాస్టారిని చేశారు. ఇప్పుడు పరీక్షలో అది తప్పితే?"

"తప్పదే! నేనున్నాగా!"

అదే కొంప ముంచింది. మర్నాడు గోడ వైపు నుంచి తీసిన కుండీలు ఆయన బండెక్కలేదు. అంతస్తులో ఉన్న మొత్తం నలభై రెండింటినీ కిటికీల వైపే సర్దేశాడు. ఒక మొక్కకు అంత తెలివి వస్తే నాలుగు మొక్కలకు ఎంత రావాలి! బల్ల మీద ఒకటి, కింద ఒకటి, వీపు వెనక ఒకటి, తల మీదుగా వేలాడుతూ ఇంకొకటి. రెండో రోజుకే అటువైపు ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. దరఖాస్తుల మీద ఆకుల నీడలు పడి మూడు ఎనిమిదిలా కనిపించేది. ఒక కాగితాల కట్ట తప్పిపోతే నాలుగు రోజుల తర్వాత పామ్ మొక్క వెనక దొరికింది. పక్షి గూడు కూడా దొరికిందని బాబాయ్ తర్వాత చెప్పుకున్నాడు గానీ, అది ఎవరో పారేసిన ఉన్ని ఉండ.

మూడో శుక్రవారం మధ్యాహ్నం బోర్డు ముందు నిలబడ్డాడు. కిటికీల వైపు వాళ్లు దాటేసిన తప్పులు డెబ్బై ఒకటి. గోడ వైపు ఇరవై ఆరు. దీన్ని నాలుగుతో భాగించే సూత్రం ఎవరి దగ్గరా లేదు.

కాళ్లీడ్చుకుంటూ గోడ వైపు నడిచాడు. ప్లాస్టిక్ ఆకులు దుమ్ము పట్టి, పలకరించినా పలకనట్టున్నాయి. చివరి బల్ల దగ్గర ఆగిపోయాడు. అది పెద్దక్క బల్ల. వచ్చే ఏడాది రిటైరయ్యే ఆవిడని ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఫైళ్ల చాటున, నీళ్లు పోసిన దగ్గుమందు సీసాలో జానెడు మనీప్లాంటు కొమ్మ ఉంది.

"నువ్వు కుండీలు తీసేసిన రోజు కింద పడింది బాబాయ్," అంది పెద్దక్క గొంతు తగ్గించి. "పారేయబుద్ధి కాలేదు. ఒక్కో కట్ట అవగానే అందరూ లేచొచ్చి, ఆకు విప్పుకుందా లేదా అని చూసి వెళ్తున్నారు. చూసెళ్లి కూర్చుంటే కళ్లు కడుక్కున్నట్టుంటోందిట. పందేలు కూడా కాస్తున్నారు. మేడమ్‌కి చెప్పకు, తిడుతుంది."

బాబాయ్ గుండె ఎగిరి గంతేసింది. గెలిచింది ప్లాస్టిక్ కాదు, తన కొమ్మే! ఒక్క మాట చాలు, నాలుగో అంతస్తు నిలబడుతుంది. కానీ ఆ మాటతో పెద్దక్క దొరికిపోతుంది. అంతలో వెనక చెప్పుల చప్పుడు. మేనేజరు. ఆయన గబుక్కున తిరిగి, సీసాకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమంటారు?" అంది మేనేజరు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట కట్టుకథ పుట్టని క్షణం అదొక్కటే. "తప్పు నాది మేడమ్. మొక్కలది కాదు. ఒక్కటి పెట్టాల్సిన చోట నాలుగు కుక్కాను. మనుషులకి ఊపిరాడలేదు, మొక్కలకీ ఆడలేదు. కుండీలు దించేస్తాను."

"దించండి. కానీ అన్నీ కాదు. రెండు వైపులా మనిషికొకటి ఉంచండి, అదీ తల తిప్పితే కనిపించేంత దూరంలో." ఆవిడ పక్కకి వంగి ఆయన వెనక్కి తొంగి చూసింది. "ఆ సీసాకి అడ్డం తప్పుకోండి. నిన్న నీళ్లు తగ్గితే నేనే పోశాను. కొత్త ఆకు పొద్దున సగం విప్పుకుంది, ఇప్పుడెలా ఉందో చూద్దామనే వచ్చాను."

పెద్దక్క పైట నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ వైపు నుంచి పన్నెండు నవ్వులు ఒక్కసారి లేచాయి. కిటికీల వైపు అడవిలోంచి, "ఏమైంది? మాకు కనపడట్లేదు!" అని ఎవరో అరిచారు.

సాయంత్రం బండిలో పద్దెనిమిది కుండీలు ఇల్లు చేరాయి. వాటితోపాటు ప్లాస్టిక్ మొక్కలు కూడా వచ్చాయి. పిట్టల్ని బెదిరించడానికి పనికొస్తాయని మేనేజరు ఇచ్చింది. భార్య ఒక్కో కుండీని దించుకుంటూ, ఆకులు తుడుస్తూ, కథంతా వింది.

"ఇంతకీ ఆ కొమ్మకి ఎన్ని ఆకులున్నాయేంటి?"

"నాలుగు."

ఆవిడ అలవాటుగా భాగించింది. "అంటే ఒకటి. ఒక్క ఆకు చూడ్డానికి అంతమంది లేచొచ్చారా?"

"కాదే. నిజంగా నాలుగే. నాలుగోది ఇంకా పూర్తిగా విప్పుకోలేదు."

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ఆయన నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూసింది. జ్వరం లేదు.